రైలొచ్చేలోగా ఒక్క లెవెల్

వారం నుంచి ఒకే లెవెల్ దగ్గర ఆగిపోయారా? పట్టాలు గీస్తారు, స్టార్ట్ నొక్కుతారు, రెండు పెట్టెలు మధ్యలోనే గుద్దుకుంటాయి. చెరిపేసి మళ్లీ గీస్తారు. ఈసారి గుద్దుకోవు గానీ, రెండో పెట్టె ముందొచ్చి ఇంజన్‌కి తగులుకుంటుంది, ఒకటో పెట్టె బయటే ఉండిపోతుంది. ఇంకోసారి. ఇంకోసారి. విసుగొచ్చి హింట్ నొక్కితే యాడ్ మొదలవుతుంది. అది అయిపోయి తలెత్తేసరికి మీరెక్కాల్సిన బండి ప్లాట్‌ఫారం మీద కదిలిపోతూ ఉంటుంది.

నాయుడుపేట నుంచి సూళ్లూరుపేటకో, తడకో, గుమ్మిడిపూండికో రోజూ పనికి పోయేవాళ్లకీ, గూడూరు వైపు కాలేజీలకి పోయే పిల్లలకీ ఇది కొత్తేం కాదు. బండి కోసం కాసేపు, బండిలో కాసేపు, వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి లూప్ లైన్లో పెడితే ఇంకాసేపు. చేతిలో ఫోన్, ఫోన్లో రైలాట. ఆడకుండా ఎలా ఉంటాం?

ఆడండి. ఆట తీసేయమని చెప్పడానికి ఈ అధ్యాయం రాయలేదు. ఫోన్లో దొరికే ఆటల్లో బుర్రకి నిజంగా పని పెట్టేవి తక్కువ, వాటిలో రైలు పజిళ్లు ముందు వరసలో ఉంటాయని నా నమ్మకం. ఇబ్బందల్లా ఎక్కడంటే, మనం వాటిని వేలితో ఆడుతున్నాం. కళ్లతో ఆడాలి. అది అలవాటైతే ఇరుక్కున్న లెవెల్ కదులుతుంది, ఎక్కాల్సిన బండీ తప్పిపోదు.

మీ చేతిలో ఉన్నది ఏ రకం?

రైలు పజిళ్లన్నీ ఒక్కటి కావు. ఒక రకంలో మీరు పట్టాలన్నీ వేసేదాకా ఏదీ కదలదు. కెనడాకి చెందిన మ్యాట్ రిక్స్ 2010లో ఐఫోన్‌కి తెచ్చిన 'ట్రెయిన్‌యార్డ్' అలాంటిదే. ఏ రంగు బండి ఆ రంగు స్టేషన్‌కి చేరాలి. ఎర్ర బండీ నీలం బండీ కలిస్తే ఊదా బండి అవుతుంది. పోలండ్‌లోని ఆఫ్టర్‌బర్న్ వాళ్లు 2022లో తెచ్చిన 'రెయిల్‌బౌండ్' కూడా ఈ రకమే. అందులో పెట్టెల మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. ఇంజన్ వెనక అదే వరసలో తగులుకోవాలి. మీకిచ్చే పట్టాలు మాత్రం లెక్కపెట్టి ఇస్తారు.

రెండో రకంలో కాలం నడుస్తూనే ఉంటుంది. న్యూజిలాండ్‌లోని డైనోసార్ పోలో క్లబ్ తయారుచేసిన 'మినీ మెట్రో' దీనికి మంచి ఉదాహరణ. కంప్యూటర్లకి 2015లో, ఫోన్లకి 2016లో వచ్చింది. కొత్త స్టేషన్లు పుట్టుకొస్తుంటాయి, జనం పోగవుతుంటారు, మీరు లైన్లు కలుపుతూ పోవాలి. ఒక స్టేషన్లో జనం పట్టనంతగా నిండిపోయి అలాగే ఉండిపోతే ఆట ముగుస్తుంది.

ఈ రెండింటికీ ఒకే మంత్రం పనిచేయదు. మనల్ని ఎక్కువ ఏడిపించేది మొదటి రకం, కాబట్టి దానితో మొదలుపెడదాం.

1. ఆఖరి నుంచి మొదలుపెట్టండి

అందరూ చేసే తప్పు ఇది. పెట్టె ఎక్కడుందో అక్కడి నుంచి పట్టా గీయడం మొదలుపెడతాం. అక్కడి నుంచి ఎన్ని వైపులకైనా పోవచ్చు, అందుకే దారి తప్పుతాం. ఇంజన్ వైపు నుంచి చూడండి. ఇంజన్ వెనక ఖాళీగా ఉన్న గడి ఒక్కటే. ఏ పెట్టె వచ్చినా ఆ గడిలోంచే రావాలి. అంటే లెవెల్ ఎంత కష్టమైందైనా ఆఖరి పట్టా ఎక్కడ పడాలో మీకు ముందే తెలిసిపోయినట్టే కదా? దాన్ని పెట్టేయండి. దాని పక్క గడికి ఎన్ని దారులున్నాయో చూడండి. చాలాసార్లు అక్కడా ఒకటే ఉంటుంది.

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకోండి. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన తాత వరండాలో కూర్చున్నాడు. పక్కన మనవరాలు ఫోన్‌తో కుస్తీ పడుతోంది.

"ఏందమ్మా, ఇందాకట్నుంచి గీకుతానే ఉండావు?"

"ఎన్నిసార్లు గీసినా రెండో పెట్టె ముందొచ్చేస్తా ఉంది తాతా."

"అది సరే, ఆఖర్న తగులుకోవాల్సింది ఏది?"

"మూడోది."

"అది యాడ నిలబడి ఉంటే మిగతా రెండిటికీ అడ్డం రాదో ముందు చూడు. దాన్ని తేల్చుకుంటే రెండోదాని సంగతి తర్వాత చూడొచ్చు."

తాత ఆ ఆట ఎప్పుడూ ఆడలేదు. ఆయనకి ఉన్నదల్లా యార్డులో పెట్టెలు వరస మార్చిన అనుభవం. షంటింగ్ చేసేవాళ్లకి మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే: కడకి ఏ పెట్టె ఎక్కడ ఉండాలి? మీరూ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి.

2. గడులు లెక్కపెట్టండి

"ఈసారి కొంచెం అటు తిప్పి చూద్దాం" అనుకుంటూ ఆడుతున్నారా? ఆ 'కొంచెం' ఎంతో తేల్చుకోండి. ఇలాంటి ఆటల్లో పెట్టెలన్నీ ఒకేసారి కదులుతాయి, ఒక్కో అడుగులో ఒక్కో గడి. అందుకని ఏది ముందొస్తుందో స్టార్ట్ నొక్కకుండానే వేళ్ల మీద చెప్పేయొచ్చు.

ఒక లెవెల్ ఊహించుకోండి. రెండు పెట్టెలూ ఒక గడి దగ్గర కలిసి, అక్కడి నుంచి ఒకే పట్టా మీద ఇంజన్ దగ్గరికి పోవాలి. ఆ కలిసే గడి ఒకటో పెట్టెకి 5 గడుల దూరం, రెండో పెట్టెకి 3 గడుల దూరం. అంటే రెండోది ముందొచ్చేస్తుంది. దాన్ని కాస్త చుట్టు తిప్పాలి. ఎంత?

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. నాలుగు పలకల గడుల మీద దారిని మీరు ఎలా వంచినా, పొడుగు రెండు, నాలుగు, ఆరు, ఇలా సరిసంఖ్యలోనే పెరుగుతుంది. ఒక గడి కుడికి ఎక్కువ పోయారంటే, ఎప్పుడో ఒకప్పుడు ఒక గడి ఎడమకి రాక తప్పదు. కాబట్టి 3 అన్నది 4 కాలేదు. 5 అవుతుంది. కానీ 5 చేస్తే ఒకటో పెట్టె కూడా ఐదో అడుగులోనే అక్కడికి వస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. ఇక మిగిలింది 7. అంటే సరిగ్గా నాలుగు గడుల చుట్టు. రెండు గడుల చుట్టుతో మీరు ఎన్ని వంకర్లు తిప్పినా ఈ లెవెల్ పోదు. కాసేపు లెక్కపెడితే తేలిపోయేదానికి గంటసేపు వేలు అరగదీసుకోవడం ఎందుకు?

ఇంకో సంగతి. లెక్కపెట్టి ఇచ్చిన పట్టాలే మీకు సగం జవాబు. దగ్గరి దారులు గీసి చూడండి. ఇంకా నాలుగు పట్టాలు మిగిలాయంటే, ఆ నాలుగూ ఏదో ఒక పెట్టెని చుట్టు తిప్పడానికి ఇచ్చినవై ఉంటాయి. ఒక్కటీ మిగల్లేదంటే చుట్టుదారి ఆలోచనే వదిలేసి, రెండు పెట్టెలు ఒకే పట్టాని ఎక్కడ పంచుకోగలవో వెతకండి. హింట్ కొనేముందు ఈ తీసివేత లెక్క ఒక్కసారి చేయండి, చాలు.

3. ఎదురు దిక్కుకి పోవడానికి భయపడకండి

నాయుడుపేట వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మనం తిరుపతికి బస్సులో పోతే శ్రీకాళహస్తి మీదుగా నేరుగా పోతాం. రైల్లోనే పోవాలంటే? తిరుపతి మనకి పడమటి దిక్కున ఉంటే, ముందు ఉత్తరాన గూడూరుకి ఎక్కాలి. అక్కడ లైను మారి వెంకటగిరి, శ్రీకాళహస్తి, ఏర్పేడు, రేణిగుంట మీదుగా కిందికి దిగి రావాలి. మ్యాపు చూసి "ఇదేంది, ఊరికి దూరంగా పోతున్నామే" అనుకుంటే ఆ ప్రయాణం ఎప్పటికీ మొదలుకాదు.

పజిల్లో మనం చేసే పొరపాటు సరిగ్గా ఇదే. ఇంజన్ కుడివైపుంటే పెట్టెని కుడికే తోస్తాం. అది ఎడమకి పోయి, ఒక మలుపు తిరిగి, వెనక నుంచి రావాల్సిన లెవెల్ అయితే మనకి ఆ దారి కంటికే కనపడదు. బాగా ఇరుక్కుపోయినప్పుడు ఒక పని చేయండి: ప్రతి పెట్టెకీ మీరు ఇంతవరకూ ఒక్కసారి కూడా పంపని దిక్కు ఏదో చూడండి. మొదటి మలుపు ఆ దిక్కుకే తిప్పండి. పక్కకి తిరిగి ఉన్న పెట్టె వెనక్కి నడవదు, అది చూస్తున్న వైపుకే కదులుతుందన్నది మాత్రం మరిచిపోకండి.

4. 'ఇలా కుదరదు' అని తేలితే, అది కూడా ఒక మెట్టు

ఓడిపోయామని చిన్నబుచ్చుకుంటారు చూడండి, అక్కడ నాకు చాలా బాధేస్తుంది. ఒక దారి ఎందుకు కుదరదో మీకు తెలిసిందంటే మీరు ముందుకి వచ్చినట్టే.

కాగితం ముక్కల మీద 1, 2, 3 అని రాసి వరసగా పెట్టుకోండి. అవి యార్డులోకి వస్తున్న పెట్టెలు. మధ్యలో ఒకే ఒక్క సైడింగ్, అంటే పక్కకి చీలిన పట్టా, ఉంది, ఒకవైపు మూసుకుపోయింది. వచ్చిన పెట్టెని సైడింగ్‌లోకి తోయొచ్చు, చివరగా తోసినదాన్ని బయటికి పంపొచ్చు. అంతే. బయటికి పోయే వరస 3, 1, 2 కావాలి. చేసి చూడండి.

రాదు. ఎందుకని? ముందు 3 బయటికి పోవాలంటే, అప్పటికే 1, 2 రెండూ సైడింగ్‌లో ఉండాలి. లోపల 1, దాని ముందు 2. ఇక 2 కదిలితే గానీ 1 బయటికి రాలేదు. మూడు పెట్టెల్ని పేర్చే ఆరు వరసల్లో ఈ ఒక్కటే రాదు, మిగతా ఐదూ వస్తాయి. డొనాల్డ్ క్నూత్ 1968లో తెచ్చిన కంప్యూటర్ ప్రోగ్రామింగ్ గ్రంథం మొదటి సంపుటంలో ఈ రైలు సైడింగ్ బొమ్మతోనే పాఠం చెప్పారు. ఇంజనీరింగ్ పిల్లలు 'స్టాక్' అని చదువుకునేది దీన్నే.

మీ ఆటకి ఇది ఎలా ఉపయోగపడుతుంది? "రాలేదు" దగ్గర ఆగకండి, "ఏ పెట్టె దేనికి అడ్డం వచ్చింది" అని అడగండి. జవాబు ఒక్క వాక్యంలో చెప్పగలిగితే తర్వాతి ప్రయత్నం మొదటిదానిలా ఉండదు. చెప్పలేకపోతే మీరు ఇంకా వేలితోనే ఆడుతున్నారన్నమాట.

కాలం నడిచే ఆటైతే

మినీ మెట్రో లాంటివాటిలో కంగారే మన శత్రువు. 5. ఆపే బటన్ వాడుకోండి. ఆట ఆగి ఉన్నప్పుడు కూడా లైన్లు మార్చుకోవచ్చు. ఇది తెలియక ఎంతమంది చెమటలు పట్టించుకుంటారో! 6. అందులో స్టేషన్లు రకరకాల ఆకారాల్లో ఉంటాయి, ఏ మనిషి ఏ ఆకారం స్టేషన్‌కి పోవాలో ఆట చూపిస్తుంది. గుండ్రటి స్టేషన్లన్నీ ఒకే లైను మీద గుచ్చకండి. త్రికోణానికి పోవాలనుకున్న మనిషికి ఆ లైను మీద దిగే చోటే ఉండదు. గుండ్రం, త్రికోణం, చదరం కలిసి వచ్చేలా వేయండి. 7. నిన్న వేసిన లైనుని నేడు చెరపడానికి మొహమాటపడకండి. మామూలు ఆటలో చెరిపి గీస్తే నష్టమేమీ లేదు. కష్టమైన ఎక్స్‌ట్రీమ్ పద్ధతిలో మాత్రం ఒకసారి వేసింది కదలదు.

మినీ మెట్రో బొమ్మ ఎక్కడో చూసినట్టుంటుంది కదా? పోలిక లండన్ మ్యాపుది. లండన్ భూగర్భ రైళ్లకి హ్యారీ బెక్ 1931లో గీసిన మ్యాపు 1933లో అచ్చయింది. ఏ స్టేషన్ తర్వాత ఏదొస్తుంది, ఎక్కడ బండి మారాలి, ప్రయాణికుడికి కావాల్సింది ఇంతే అని ఆయన దూరాల్ని పక్కనపెట్టి గీతలన్నీ సాపు చేశాడు. కష్టమైన లెవెల్ ఏదైనా మీరూ ఒక పాత బిల్లు వెనక అలాగే గీసుకుని చూడండి. చెట్లూ కొండలూ రంగులూ పోయి కూడళ్లు మాత్రమే మిగులుతాయి. నా మటుకు నాకు ఇంతకంటే మంచి హింట్ తెలీదు.

జేబూ, బండీ జాగ్రత్త

8. హింట్ ఎప్పుడు నొక్కాలి? పైన చెప్పిన లెక్కలన్నీ చేశాక, ఒక రాత్రి నిద్రపోయి లేచాక కూడా కదలకపోతే నొక్కండి. తప్పేం లేదు. కానీ హింట్ చూపించిన పట్టా అక్కడెందుకు పడిందో తెలిసేదాకా తర్వాతి లెవెల్‌కి పోకండి.

9. ఇంటర్నెట్ లేకుండా నడిచే ఆటైతే డేటా ఆపి ఆడండి, యాడ్ల బెడద చాలావరకూ తగ్గుతుంది. ఇంట్లో పిల్లలు మీ ఫోన్లో ఆడుతుంటే ప్లే స్టోర్ సెట్టింగుల్లోకి పోయి, ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా ఈరోజే మార్చండి. ఆట మధ్యలో "ఆడండి, డబ్బు గెలవండి" అని వచ్చే యాడ్ల జోలికి అసలు పోకండి. డబ్బు కట్టి ఆడే ఆటల్ని 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది. పట్టాలు కలిపే ఆటకీ వాటికీ సంబంధం లేదు, కానీ పిల్లవాడి వేలికి ఆ తేడా తెలీదు.

10. చెన్నై నుంచి సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆటలో పడి నాయుడుపేట దాటి గూడూరులో దిగితే, ఆ రాత్రి ఇంటికి చేరడం ఎంత తిప్పలో వేరే చెప్పాలా? 'వేర్ ఈజ్ మై ట్రెయిన్' యాప్‌లో స్టేషన్ వచ్చేముందు మోగే అలారం ఉంది. నెట్ లేకపోయినా సెల్ టవర్ల సాయంతో బండి ఎక్కడుందో చెబుతుంది. సూళ్లూరుపేట దాటాక మోగేలా పెట్టుకోండి. అది మోగిందంటే లెవెల్ ఏ స్థితిలో ఉన్నా ఫోన్ లోపల పెట్టేయాలి, బ్యాగు చేతికి తీసుకోవాలి. ప్లాట్‌ఫారం మీద ఉన్నప్పుడైతే కూర్చుని మాత్రమే ఆడండి. నడుస్తూ వద్దు, అంచు దగ్గర నిలబడి అసలే వద్దు. చెన్నై–గూడూరు లైన్లో నాయుడుపేటలో ఆగకుండా దూసుకుపోయే బండ్లు ఎన్నో మీకు తెలుసు.

ఆట శబ్దం ఆపేయండి. ఎదురు సీట్లో రాత్రి డ్యూటీ చేసి వస్తున్న మనిషి ఉంటాడు.

"ఇవి ఆడితే మా వాడికి తెలివి పెరుగుతుందా?"

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. నిజం చెప్పాలి. ఆట ఆడితే ఆ ఆట బాగా వస్తుంది. దానివల్ల లెక్కల్లో మార్కులు పెరుగుతాయనో, మతిమరుపు రాదనో ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. మెదడుకి పదును పెడతామని అలా ప్రచారం చేసుకున్న లుమోసిటీ అనే సంస్థ, రుజువు లేని మాటలు చెప్పిందన్న అభియోగం మీద 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకి 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

అయితే ఏం వస్తుంది? ఆగి చూడడం వస్తుంది, మీరు పక్కన కూర్చుంటే. "ఎందుకు గుద్దుకున్నాయి చెప్పు?" అని మీరు అడిగి, వాడు చెప్పేదాకా ఓపికపడితే వస్తుంది. ఫోన్ చేతికిచ్చి మీ పని మీరు చూసుకుంటే రాదు. వాడికి రోజుకి ఇన్ని నిమిషాలని గడియారం పెట్టడం కన్నా, ఇన్ని లెవెల్స్ అని చెప్పండి. లెవెల్ మధ్యలో లాక్కుంటే ఏ పిల్లవాడైనా అరుస్తాడు; అయిపోయాక అడిగితే చాలామంది ఇచ్చేస్తారు. ఒకటి గెలిచినా, రెండుసార్లు ఓడినా ఫోన్ మీ చేతికి రావాలని ముందే ఒప్పందం చేసుకోండి. తెగని లెవెల్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచితే, మిగతా ఆలోచన ఫోన్ లేకుండానే భోజనాల దగ్గర చేసుకోవచ్చు.

ఫోన్ అస్సలు ఇవ్వడం ఇష్టం లేదా? పైన చెప్పిన కాగితం ముక్కలు చాలు. ఈసారి 1, 2, 3, 4 తీసుకోండి, సైడింగ్ మాత్రం ఒక్కటే. 2, 4, 3, 1 వరస వస్తుందేమో పిల్లల్ని చేసి చూడమనండి. వస్తుంది: 1, 2 లోపలికి, 2 బయటికి, 3, 4 లోపలికి, ఆ తర్వాత 4, 3, 1 బయటికి. నాలుగు పెట్టెల్ని మొత్తం 24 వరసల్లో పేర్చొచ్చు, కానీ ఈ సైడింగ్‌తో వచ్చేవి 14. ఆ పద్నాలుగూ పట్టుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం పడుతుంది. పట్టుకున్నాక, రాని పదిలో ఏదైనా ఒకటి తీసుకుని అది ఎందుకు రాదో వాళ్ల చేతే చెప్పించండి. అందులో ఎక్కడో ఒకచోట ఆ పాత 3, 1, 2 ఇబ్బందే దాక్కుని ఉంటుంది.